కామెర్లు కనపడకముందే హెపటైటిస్ రక్తపరీక్షలో తెలుస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది కందుకూరు దగ్గర పల్లె. మీ బావ రక్తదాన శిబిరంలో రక్తం ఇస్తే, తర్వాత బ్లడ్ బ్యాంక్ వాళ్లు పిలిచి హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) పాజిటివ్ అన్నారు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, లివర్ ఫంక్షన్ టెస్ట్ నార్మల్. మీ అక్కకు ఇప్పుడు ఐదో నెల, నాలుగేళ్ల పాప కూడా ఉంది. మూడు వారాల కిందట వాళ్లింటికి వెళ్లినప్పుడు మీరు ఆయన రేజర్‌తోనే గడ్డం గీసుకున్నారు, చర్మం తెగింది. ఇప్పుడు టెస్ట్ చేయించుకుంటే తెలుస్తుందా, ఒక్క టెస్టుతో అన్ని హెపటైటిస్‌లూ ముందే పట్టుకోవచ్చా, ఈ మధ్య మీ ఊళ్లో నలుగురికి వచ్చిన కామెర్లూ ఇదీ ఒకటేనా అని అడిగారు.

ముందే తెలుస్తుంది. కళ్లు పచ్చబడటానికి వారాల ముందే రక్తంలో దొరుకుతుంది. కానీ హెపటైటిస్ (కాలేయ వాపు) తెచ్చే ఎ, బి, సి, డి, ఇ వైరస్‌లు అన్నింటికీ కలిపి ఒకే పరీక్ష లేదు. లివర్ ఫంక్షన్ టెస్ట్ వైరస్‌ను పట్టే పరీక్ష కాదు. మీ మటుకు మీరు రేపే ల్యాబ్‌కు వెళ్లి టెస్టుకు రక్తం ఇవ్వండి, ఇచ్చాక అదే రోజు హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించుకోండి. రేపటి రిపోర్ట్ నెగటివ్ వచ్చినా అదే ఆఖరి మాట అనుకోవద్దు. మూడు వారాలకు తీసిన రక్తం ఇంకా ఏమీ చెప్పలేకపోవచ్చు. 3 నెలలకు ఒకసారి, 6 నెలలకు ఒకసారి మళ్లీ చేయించుకోవాలి.

నేను నెల్లూరులో ల్యాబ్‌లో పనిచేస్తాను, చాలా ఏళ్లుగా ఎలైసా (రక్తంలో వైరస్ ప్రోటీన్లను, యాంటీబాడీలను పట్టే) పరీక్షలే నా పని. డాక్టర్‌ని కాదు, మందుల సంగతి డాక్టరు గారే చెప్పాలి. రక్తంలో ఏది ఎప్పుడు కనిపిస్తుందో, ఏ రిపోర్ట్‌ను ఎంతవరకు నమ్మాలో మాత్రం చెప్పగలను.

ముందు మీ బావ రిపోర్ట్ సంగతి. లివర్ నార్మల్ కాబట్టి ఏమీ లేదని మీవాళ్లు అనుకుంటున్నట్టున్నారు. ఆ టెస్టులో చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి కాలేయ కణాల్లో ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తాయి. దెబ్బ దేనివల్ల తగిలిందో అవి చెప్పవు. మద్యం తాగినా, టీబీ మాత్రలు వాడుతున్నా, డెంగ్యూ వచ్చినా పెరుగుతాయి. జిమ్‌లో కొత్తగా బరువులెత్తిన కుర్రాళ్లకు కూడా పెరుగుతాయి. ఇక హెపటైటిస్ బి వైరస్ తనంతట తాను కణాన్ని పెద్దగా పాడు చేయదు. మన రోగనిరోధక శక్తి ఆ వైరస్‌ను గుర్తుపట్టి, అది దాక్కున్న కణం మీద దాడి చేసినప్పుడే ఎస్‌జీపీటీ పైకి లేస్తుంది. ఆ దాడి జరగనంతకాలం ఒంట్లో వైరస్ కోట్లలో ఉన్నా లివర్ టెస్ట్ నార్మల్‌గానే ఉంటుంది. అందుకే "ఎస్‌జీపీటీ 28 ఉంది, వైరస్ లేనట్టే కదా" అని కౌంటర్ దగ్గర అడిగేవాళ్లకు, ఆ కాగితంలో వైరస్ ఊసే లేదని ఓపిగ్గా చెప్తుంటాను.

హెపటైటిస్ బి ఒంట్లోకి వెళ్లాక సగటున నెల రోజులకు హెచ్‌బీఎస్‌ఏజీ కనపడుతుంది. రెండు నెలలకు ఎస్‌జీపీటీ పెరుగుతుంది. కామెర్లు వస్తే గిస్తే మూడు నెలలకు. ఇది సగటు లెక్క మాత్రమే. హెచ్‌బీఎస్‌ఏజీ కొందరిలో వారానికే దొరుకుతుంది, కొందరిలో తొమ్మిది వారాలు పడుతుంది. పెద్దవాళ్లలో కూడా చాలామందికి కామెర్లు అసలు రావు, చిన్నపిల్లల్లో అయితే మరీ అరుదు. అంటే కళ్లు పచ్చబడ్డాక టెస్ట్ చేయిద్దామని కూర్చుంటే, ఎక్కువమంది విషయంలో ఆ రోజు ఎప్పటికీ రాదు.

అందుకే నేను ఎవరినైనా మొదట అడిగేది తేదీ. ఏ రోజు తగిలింది, ఏ రోజు రక్తం తీశారు? ఆ రెండు తేదీలు తెలియకుండా "నెగటివ్" అన్న మాటకు విలువ లేదు.

రేపు మీరు అడగాల్సిన పరీక్షలు మూడు: హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్, టోటల్ యాంటీ హెచ్‌బీసీ. మొదటిది వైరస్ పైపొర మీది ప్రోటీన్, అది ఉందంటే ఇప్పుడు వైరస్ ఉందని. రెండోది వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీ, అంటే రక్షణ. టీకా మూడు డోసులూ పూర్తయినవాళ్లలో అది 10 యూనిట్లకు పైన ఉంటే ఈ రేజర్ గురించి మీరు టెన్షన్ పడనక్కర్లేదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా ఈ టీకా తయారుచేసి తెచ్చాక ధర బాగా దిగింది, ఆ తర్వాతి ఏళ్లలో చాలామంది పిల్లలకు వేయించారు. మీకు వేయించారేమో మీ అమ్మగారిని అడిగి చూడండి. మూడోది, వైరస్ ఎప్పుడైనా నిజంగా ఒంట్లోకి వచ్చిందా లేదా చెప్తుంది. టీకా వల్ల అది రాదు, అసలు వైరస్ వల్లే వస్తుంది.

రక్తం ఇచ్చాకే టీకా అని ఎందుకన్నానంటే, టీకాలో ఉండేది ఆ హెచ్‌బీఎస్‌ఏజీ ప్రోటీనే. టీకా వేయించుకున్న కొత్తలో, దాదాపు 18 రోజుల దాకా, కొందరికి టెస్ట్ పాజిటివ్ చూపించవచ్చు. ఒక నర్సింగ్ విద్యార్థిని ఇలాగే కాలేజీలో టీకా వేయించుకుని, ఆ వారంలోనే హాస్టల్ మెడికల్ కోసం మా దగ్గరకు వచ్చింది. హెచ్‌బీఎస్‌ఏజీ స్వల్పంగా రియాక్టివ్. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి, ఆ పిల్ల ఏడుపు ఆపలేకపోయాం. టీకా కార్డు చూసి, నెల ఆగి రమ్మన్నాం. మళ్లీ చేస్తే నెగటివ్. ఆ నెలంతా ఆ కుటుంబం పడ్డ బాధ, వరస మార్చి ముందు రక్తం తీసి ఉంటే ఉండేది కాదు.

ఇంకా ముందే పట్టుకోవాలంటే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పీసీఆర్ (హెపటైటిస్ బి వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష) ఉంది, హెచ్‌బీఎస్‌ఏజీ కన్నా రెండు వారాలు అటూ ఇటూగా ముందు దొరుకుతుంది. మీకు ఇప్పుడు అది అవసరమని నేననుకోను. దాని ఫలితం ఏదైనా మీరు చేయాల్సింది మారదు. టీకా ఎలాగూ మొదలుపెట్టాలి, 6 నెలల టెస్ట్ ఎలాగూ ఉంటుంది. తగిలిన వెంటనే ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల) ఇంజెక్షన్ అయితే 24 గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమైనా వారం దాటితే ఇలాంటి గాటుకు దానివల్ల ప్రయోజనం ఉంటుందనుకోలేం. ఆ సమయం మీకు దాటిపోయింది.

3 నెలలప్పుడు, 6 నెలలప్పుడు ఒక్క హెచ్‌బీఎస్‌ఏజీతో సరిపెట్టుకోవద్దు. వైరస్‌ను ఒళ్లు తరిమేసే దశలో హెచ్‌బీఎస్‌ఏజీ మాయమైపోతుంది, యాంటీ హెచ్‌బీఎస్ ఇంకా పైకి రాదు. కొన్ని వారాలు రెండూ నెగటివే. ఆ మధ్యకాలంలో యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు వచ్చే యాంటీబాడీ) ఒక్కటే సాక్ష్యం. కళ్లు పచ్చగా ఉండి హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ వచ్చినవాళ్లలో, ఇది అడగకపోవడం వల్ల బి అన్న సంగతి తేలకుండా పోవచ్చు.

కార్డు టెస్టు గురించి కూడా చెప్పాలి, పల్లెల్లో ఎక్కువ జరిగేది అదే. వేలెడంత ప్లాస్టిక్ పట్టీ, అందులో చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) వేస్తే పది పదిహేను నిమిషాల్లో గీత పడుతుంది. పైన కంట్రోల్ గీత, కింద టెస్ట్ గీత. కింది గీత ఎంత పలచగా ఉన్నా గీతే, సమయం లోపల కనపడితే రియాక్టివ్ అనే రాయాలి. పలచగా ఉందని వదిలేయకూడదు. అలాగని పట్టీని బల్ల మీద వదిలేసి గంట తర్వాత చూస్తే, ఎండిపోయి లేని గీత కూడా ఉన్నట్టు కనపడుతుంది. కిట్ మీద రాసిన నిమిషాలు దాటాక చదవకూడదు. కార్డులో ఏది వచ్చినా ఎలైసాలోగానీ మెషిన్ మీద చేసే కెమిల్యూమినిసెన్స్‌లోగానీ ఒకసారి చూపించుకోండి, ముఖ్యంగా వైరస్ తగిలిన తొలి వారాల్లో. ఆ సమయంలో ప్రోటీన్ చాలా తక్కువ ఉంటుంది, కార్డుకు అందకపోవచ్చు. జుట్టుకని బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పండి, కొన్ని మెషిన్లలో అవి రిపోర్టును తారుమారు చేస్తాయి. పరగడుపున రావాల్సిన పని లేదు.

మీ బావ విషయానికొస్తే, బ్లడ్ బ్యాంకులో చేసేది వడపోత పరీక్ష. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదూ ప్రతి రక్తం సంచికీ తప్పనిసరి. అందులో తేలినదాన్ని మళ్లీ నిర్ధారించుకోవాలి. నిజమే అయితే ఆయనకు కావాల్సినవి: కొత్తదా పాతదా తెలియడానికి యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం, వైరస్ జోరుగా పెరుగుతోందా అని చూసే హెచ్‌బీఈఏజీ, హెచ్‌బీవీ డీఎన్‌ఏ ఎంత ఉందన్న లెక్క, ప్లేట్‌లెట్లు, పొట్ట స్కానింగ్. వీలైతే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో చూసే స్కాన్). హెపటైటిస్ డి అనేది బి ఉన్నవాళ్లకే వస్తుంది, అది చూడాలో లేదో డాక్టరు చెప్తారు. హెచ్‌బీఎస్‌ఏజీ 6 నెలలు దాటి అలాగే ఉంటే దీర్ఘకాలికం అంటారు. ఎస్‌జీపీటీ నార్మల్ అన్నచోట కూడా అంకె చూడండి. చాలా ల్యాబ్‌లు 40, 45 వరకు నార్మల్ అని అచ్చు వేస్తాయి, లివర్ డాక్టర్లు మాత్రం మగవాళ్లకు 30, 35 దాటగానే దృష్టి పెడతారు, ఆడవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ.

మీరు అడగలేదుగానీ, నాకు ముఖ్యమనిపించి చెప్తున్నాను. మీ బావకు ఇది నిన్నా మొన్నా వచ్చింది కాకపోవచ్చు. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే 100 మందిలో 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే 100కు ఐదుగురికి కూడా ఉండిపోదు. లక్షణాలే లేకుండా రక్తదానంలో బయటపడ్డ పాజిటివ్‌లలో చిన్నతనంలో వచ్చినవే ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి ఆయన అమ్మగారికి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి. దయచేసి ఎవరూ మీ అక్కనుగానీ ఆయననుగానీ నిందించవద్దు. కంచం, గ్లాసు విడిగా పెట్టవద్దు. కలిసి తింటే, పక్కన పడుకుంటే, పాపను ఎత్తుకుంటే ఇది అంటదు. రక్తం ద్వారా, శారీరకంగా కలవడం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. రేజర్, బ్లేడు, గోళ్లు తీసుకునేది, టూత్ బ్రష్ ఎవరివి వాళ్లకు ఉండాలి. అంతే.

మీ అక్క విషయంలో ఆలస్యం వద్దు. గర్భిణులకు మొదటి చెకప్‌లోనే హెచ్‌బీఎస్‌ఏజీ చేయాలి, కార్డులో రాసి ఉందో లేదో ఈ రోజే చూడండి. అది ఎప్పుడో రెండో నెలలో చేసిందైతే ఇప్పుడు మళ్లీ చేయించండి, ఎందుకంటే అప్పటి తేదీ వేరు, ఇప్పటి తేదీ వేరు. నెగటివ్ అయితే టీకా వేయిస్తారు, గర్భంలో వేయించుకోవచ్చు, భయం లేదు. పాజిటివ్ అయితే డీఎన్‌ఏ లెక్క చూస్తారు. అది మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు, ఎప్పటినుంచి వేసుకోవాలో డాక్టరు చెప్తారు. తల్లి రిపోర్ట్ ఎలా ఉన్నా బిడ్డకు పుట్టిన 24 గంటల్లో మొదటి టీకా పడాలి. తల్లి పాజిటివ్ అయితే దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. ఈ 24 గంటల మాట కాన్పు జరిగే ఆసుపత్రిలో ముందే చెప్పి పెట్టండి, ఆదివారమైనా పండగైనా దొరికేలా. పాలు ఇవ్వవచ్చు.

ఒక రొయ్యల చెరువుల ఊరి నుంచి వచ్చిన దంపతులు కాన్పయిన వారానికే బిడ్డకు టెస్ట్ చేయమని పట్టుబట్టారు. పుట్టిన కొత్తలో బిడ్డ రక్తంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, వేసిన టీకా ప్రోటీన్ అన్నీ కలిసి ఉంటాయి, ఏది ఎవరిదో తేలదు. 9 నెలలు నిండాక హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ కలిపి చేయాలని చెప్పి పంపాం. ఏడాది లోపే తెచ్చారు, బిడ్డకు వైరస్ లేదు, రక్షణ బాగా ఉంది. రిపోర్ట్ ఇస్తుంటే ఆ తండ్రి చేతులు వణకడం నాకింకా గుర్తు. మీ అక్క నాలుగేళ్ల పాపకు ఆరు, పది, పద్నాలుగు వారాల్లో పెంటావాలెంట్ (ఇందులో హెపటైటిస్ బి టీకా కూడా ఉంటుంది) పడి ఉంటుంది కాబట్టి చాలావరకు ధైర్యంగా ఉండొచ్చు. అయినా ఒకసారి పై రెండు పరీక్షలూ చేయించండి.

సి గురించి క్లుప్తంగా. అదే గాటులోంచి సి కూడా రావచ్చు. మీ బావ సి రిపోర్ట్ బ్లడ్ బ్యాంకులోనే ఉంటుంది, నెగటివ్ అయితే మీకు దాని దిగులు చాలావరకు పోయినట్టే. సి లో యాంటీబాడీ రావడానికి 8 నుంచి 11 వారాలు పడుతుంది, వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. పైగా యాంటీబాడీ పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టు కాదు, వైరస్ పోయాక కూడా అది ఉండిపోతుంది. కువైట్ వెళ్లడానికి మెడికల్‌లో సి రియాక్టివ్ వచ్చి ఉద్యోగం పోయిందని కుంగిపోయిన ఉదయగిరి వైపు యువకుడికి ఆర్‌ఎన్‌ఏ చేస్తే వైరస్ అసలు లేదు. ఎప్పుడో వచ్చి తనంతట పోయింది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో దీనికి తిరగబడి జరగొచ్చు, యాంటీబాడీ నెగటివ్ ఉండి వైరస్ ఉంటుంది. వైరస్ ఉన్నా ఇప్పుడు భయపడక్కర్లేదు, ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో 100కు 95 మందికి పైగా పూర్తిగా నయమవుతోంది.

ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ పరీక్షలకు రక్తం ఎక్కడ తీస్తారో, ఎలా పంపుతారో కనుక్కోండి. రక్తం తీసిన కొన్ని గంటల్లో ప్లాస్మా విడదీసి చల్లగా ఉంచాలి. మే నెల ఎండలో బైకు డబ్బాలో మధ్యాహ్నమంతా తిరిగిన ట్యూబులో ఆర్‌ఎన్‌ఏ తక్కువ కనపడవచ్చు. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్‌కు వెలుతురు పడదు, ట్యూబు ఎండ తగిలేలా పెడితే అంకె తగ్గిపోతుంది. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే సీరం ఎర్రగా మారి ఎస్‌జీఓటీ ఉత్తుత్తిగా పెరుగుతుంది. అలాంటి శాంపిల్‌ను మేం వెనక్కి పంపి మళ్లీ తీయిస్తాం. రెండోసారి సూది పొడుస్తున్నారని కోప్పడకండి.

పరీక్షలకు డబ్బు ఇబ్బంది అయితే, 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ఉచితం. మీకు నెల్లూరు కన్నా ఒంగోలు దగ్గర కాబట్టి అక్కడ అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, నెల్లూరైతే జీజీహెచ్‌లో.

ఇక మీ ఊళ్లో నలుగురికి వచ్చిన కామెర్లు. ఒకే సమయంలో నలుగురికి వచ్చాయంటే అది చాలావరకు నీళ్ల ద్వారా వచ్చే ఎ గానీ ఇ గానీ అయి ఉంటుంది. మీ బావదానికీ దానికీ సంబంధం లేదు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మురుగు తాగునీటి పైపులో కలిసిన నెలకో, నెలన్నరకో మనుషులు పడకేస్తారు. అందుకే నవంబరు నీళ్ల ఫలితం డిసెంబరు, జనవరిలో కనపడుతుంది. వీటికి అడగాల్సినవి హెచ్‌ఏవీ ఐజీఎం, హెచ్‌ఈవీ ఐజీఎం. ఐజీజీ (జబ్బు పోయాక కూడా మిగిలిపోయే యాంటీబాడీ) చేయించి పాజిటివ్ అని కంగారుపడేవాళ్లున్నారు. మన దగ్గర పెద్దవాళ్లలో ఎక్కువమందికి చిన్నప్పుడే ఎ వచ్చి పోయి ఉంటుంది, ఐజీజీ అందుకే ఉంటుంది.

ఈ రెండింటిలో కూడా పచ్చదనం ఆఖరున వస్తుంది. సింగరాయకొండ వైపు హాస్టల్ పిల్లవాడిని మూడు రోజులుగా జ్వరం, వాంతులు, అన్నం చూస్తేనే వికారం అని గ్యాస్ మందు వాడి వాడి తీసుకొచ్చారు. కళ్లు తెల్లగానే ఉన్నాయి. సెంట్రిఫ్యూజ్‌లోంచి ట్యూబు తీస్తే పైన తేలిన సీరం లేత ఎండుగడ్డి రంగులో ఉండాల్సింది, అప్పటికే పసుపు నీళ్లలా తిరుగుతోంది. బిలిరుబిన్ రెండు దాటిందంతే, ఎస్‌జీపీటీ మాత్రం వెయ్యి పైన. ఎ ఐజీఎం పాజిటివ్. రెండు రోజులకు కళ్లు పచ్చబడ్డాయి. ఎస్‌జీపీటీ ఇలా వేలల్లోకి వెళ్తే వైరస్‌ను అనుమానించాలి. మద్యం వల్ల అయితే ఎస్‌జీఓటీ రెట్టింపు ఉంటుంది, రెండూ నాలుగు వందలు దాటడం అరుదు. డెంగ్యూలో కూడా ఎస్‌జీఓటీదే పైచేయి.

పసరు సంగతి తప్పకుండా వస్తుంది కాబట్టి చెప్తున్నాను. ఎ, ఇ చాలామందిలో వాటంతట అవే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. బి, సి పసరుతో పోవు. చేతి మీద వాతలు పెట్టించడం, ఉప్పూ నూనే మానేసి గంజి మీద పడుకోబెట్టడం మనిషిని ఇంకా నీరసపెడుతుంది. ఏ పసరులో ఏముందో తెలియదు, కొన్ని ఆకులు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. ఆ నలుగురికీ పీటీ ఐఎన్‌ఆర్ అనే పరీక్ష చేయించారో లేదో కనుక్కోండి. రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారయ్యేది కాలేయంలోనే, అందుకే కాలేయం ఎంత చితికిందో బిలిరుబిన్ కన్నా ఇది బాగా చెప్తుంది. ఎస్‌జీపీటీ తగ్గుతూ ఐఎన్‌ఆర్ పెరుగుతుంటే అది నయమవడం కాదు, ప్రమాదం. మనిషి మగతగా ఉన్నా, మాట తడబడినా, చిగుళ్లలోంచి రక్తం కారినా ఆ గంటే పెద్ద ఆసుపత్రికి.

హెపటైటిస్ ఇ గర్భిణులకు, అందులోనూ చివరి మూడు నెలల్లో వస్తే, ప్రాణాల మీదికి తెస్తుంది. మీ అక్క మీ ఊరు వస్తే, వచ్చిన రోజు నుంచీ కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. బయట చెరుకు రసం, ఐసు వద్దు. మూత్రం టీ డికాక్షన్ రంగులో పోయినా, రెండు రోజులు అన్నం సహించక వాంతులైనా, ఐదో నెల వేవిళ్లు అని సరిపెట్టుకోకుండా ఆ రోజే ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, ఇ ఐజీఎం చేయించండి.